2025లో ఆడిన గేములు, మధ్యలో వదిలేసిన గేములు

హంద్రీ (కర్నూలు):

సంక్రాంతి సందడి ముగిసింది కనుక, పోయిన సంవత్సరం మనం ఆడిన గేముల గురించి కాస్త తీరికగా మాట్లాడుకోవచ్చని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పదికి ఎన్ని మార్కులు అన్న లెక్క మాత్రం వద్దు, ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పూర్తి చేసిన గేమును మీరు ఎందుకు పూర్తి చేశారో, వదిలేసిన గేమును ఏ చోట, ఎందుకు వదిలేశారో చెప్పండి. మనిషి అభిరుచి ఏమిటో వదిలేసిన గేమును బట్టే ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం.

ముందుగా నా సంగతి చెబుతాను. నాకు ఆడుకోవడానికి దొరికేది రాత్రి పది నుంచి పదకొండున్నర వరకు, అదీ పిల్లలు నిద్రపోతేనే. ఆ గంటన్నరలోనే క్లేర్ ఓబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33ను ముగించాను, హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ను వదిలేశాను. మొదటిదాన్ని ఫ్రాన్సులోని మాంపెల్యే నగరంలో ఉన్న సాండ్‌ఫాల్ అనే కొత్త సంస్థ తయారుచేసింది. ఏప్రిల్ 24న విడుదలైన ఆ గేము డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేముగా కూడా ఎంపికైంది. అందులో ఒక చిత్రకారిణి ఏటా ఒకసారి దూరాన ఉన్న మహాస్తంభం మీద ఒక అంకె వేస్తుంది, ఆ వయసుకు చేరినవాళ్లంతా పూరేకులై గాలిలో కలిసిపోతారు. ఏడాదికొకటి చొప్పున తగ్గుతూ వచ్చిన ఆ అంకె కథ మొదలయ్యేసరికి 33కు చేరుతుంది. నా వయసు 36. లెక్క వేసి చూసుకుంటే, నేను ఆ ఊళ్లో పుట్టి ఉంటే కిందటి ఏడాదే పోయి ఉండేవాణ్ణి. ఆ లెక్క తేలిన రాత్రి గేము ఆపేసి, పిల్లల పక్కన కాసేపు ఊరికే కూర్చున్నాను.

అందులోని పోరాటం వంతులవారీగా సాగుతుంది. అయితే శత్రువు వంతు వచ్చినప్పుడు చేతులు కట్టుకొని కూర్చుంటే కుదరదు, దెబ్బ తగిలే క్షణంలోనే మీట నొక్కి దాన్ని తిప్పికొట్టాలి. నేను వందలసార్లు ఓడిపోయి ఉంటాను, అయినా ఓడిన మరుక్షణమే మళ్లీ ఆ శత్రువు ఎదుట నిలబడగలిగాను. సిల్క్‌సాంగ్ అలా కాదు. 2019లో ప్రకటించిన ఆ గేము కోసం 2025 సెప్టెంబరు 4 వరకు ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అది వచ్చిన రోజు గేములు అమ్మే స్టీమ్ వంటి ఆన్‌లైన్ అంగళ్లే ఒత్తిడికి కాసేపు మొరాయించాయి. అంత ఆశతో కొన్న గేమును లాస్ట్ జడ్జ్ అనే శత్రువు దగ్గర వదిలేశాను. అక్కడ ఓడిపోతే ఎక్కడో ఉన్న బెంచీ దగ్గర లేచి, ఎదురుగాలిలో గట్లన్నీ ఎగబాకుతూ, దారిలో అడ్డొచ్చే పురుగులను తప్పించుకుంటూ మళ్లీ మొదటినుంచి రావాలి. నా గంటన్నరలో అరగంట ఆ దారి నడవడానికే సరిపోయేది. ఓడిపోవడం పట్ల నాకు అభ్యంతరం లేదు, ఓడిన మనిషిని మళ్లీ అంత దూరం నడిపించడం దేనికన్నదే నా ప్రశ్న.

ఏడురోడ్లు (కడప):

హంద్రీ గారూ, మీ బాధ అర్థమైంది గాని మీ తీర్పుతో ఏకీభవించలేను. ఓటమికి ఏ ధరా లేనప్పుడు గెలుపు కూడా చవకైపోతుంది. నేను పోయిన సంవత్సరమంతా దాదాపు ఒకే గేము ఆడాను. అది చెక్ దేశానికి చెందిన వార్‌హార్స్ సంస్థ తయారుచేసిన కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2, ఫిబ్రవరి 4న వచ్చింది. కథ 1403 నాటి బొహీమియాలో జరుగుతుంది. మన వైపు అప్పటికి విజయనగరంలో రెండవ హరిహరరాయలు పాలిస్తున్నాడు. ఆడుతున్నంతసేపూ నా మనసు ఆ రెండు లోకాల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

అందులో కథానాయకుడు హెన్రీ కమ్మరి ఇంటి పిల్లవాడు. ఇనుమును కొలిమిలో పెట్టి, రంగు చూసి బయటికి తీసి, లయ తప్పకుండా సుత్తి దెబ్బలు వేసి, చివరికి నీళ్లలో ముంచి లాడాలు, కత్తులు తయారుచేయవచ్చు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి చివర కొలిమి ఉండేది. ఇనుము పండు రంగుకు వచ్చిందా లేదా అని అక్కడి పెద్దాయన చూసే చూపు ఆ గేములో నాకు కనిపించింది. హెన్రీ స్నానం చేయకపోతే జనం ముక్కు మూసుకుంటారు, నెత్తురు మరకల బట్టలతో వెళితే బెదిరిపోతారు, శుభ్రమైన బట్టలు వేసుకుంటే అదే మనిషి మాటకు విలువ పెరుగుతుంది. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో కల్పన ఏమీ కనిపించదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఆ గేములో తలచుకున్నప్పుడల్లా సేవ్ చేసుకోవడం కుదరదు. దానికొక ప్రత్యేకమైన సారా ఉంటుంది, దాన్ని కొనుక్కోవాలి, లేదా మూలికలు ఏరుకొచ్చి మనమే కాచుకోవాలి. లేకపోతే మన మంచం మీద పడుకొని లేచినప్పుడు సేవ్ అవుతుంది, కథ కొంత ముందుకు కదిలినప్పుడు దానంతటదే అవుతుంది. సీసా ఒక్కటే మిగిలిందని తెలిసినప్పుడు రాత్రిపూట అడవిలో వేసే ప్రతి అడుగూ జాగ్రత్తగా పడుతుంది. ఆ జాగ్రత్తలో ఉన్న రుచి, ఎక్కడ పడిపోతే అక్కడే లేపి నిలబెట్టే గేముల్లో నాకు దొరకలేదు.

మీకు పనికొచ్చే సాక్ష్యం ఒకటి నేనే ఇస్తాను, దాచుకోవడం ధర్మం కాదు. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. నా కంప్యూటరుకు అప్పటికి యూపీఎస్ లేదు, సంచిలో సారా సీసా కూడా లేదు. రెండు గంటల ఆట పోయింది. వారం రోజులు ఆ గేము ముఖం చూడలేదు. ఆ తర్వాత యూపీఎస్ కొన్నాను గాని గేమును మాత్రం వదల్లేదు.

పాత టవరు (అనంతపురం):

నేను ఈ ఏడాది కూడా క్రికెట్ 07 మాత్రమే ఆడాను. 2006లో వచ్చిన గేమే అయినా, అభిమానులు కొత్త జట్లను, కొత్త జెర్సీలను ఎప్పటికప్పుడు కలుపుతూనే ఉన్నారు. నా పాత లాప్‌టాప్ మీద ఒక్క క్షణం కూడా తడబడకుండా నడుస్తుంది. వదిలేసిన గేములు లేవు, ఎందుకంటే ఇంకేవీ మొదలుపెట్టలేదు.

శెనగపొలం (అనంతపురం):

నేను ఆడిన గేము కొత్తదేమీ కాదు. స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది. ఎరిక్ బెరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చొని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానే చేశాడు. పట్నంలో ఉద్యోగం మానేసి తాత వదిలివెళ్లిన పొలానికి వచ్చిన మనిషి కథ అది. నేనూ బెంగుళూరులో ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చినవాణ్ణే కాబట్టి ఆ గేమును మామూలు కళ్లతో చూడలేకపోయాను.

నేను ఆడుతుంటే మా నాన్న వెనక మంచం మీద కూర్చొని చూసేవారు. ఒకరోజు ఇందులో లాభమెంతని అడిగారు. పార్స్‌నిప్ అనే దుంప విత్తనం 20 నాణేలకు వస్తుందనీ, నాలుగు రోజుల్లో పంట చేతికొస్తుందనీ, 35 నాణేలకు అమ్ముడవుతుందనీ చెప్పాను. నీళ్లు పెట్టేది ఎవరని అడిగారు. నేనేనన్నాను. ‘అయితే నీ కూలి కట్టలేదన్నమాట’ అని ఊరుకున్నారు. మరొక రోజు అందులోని టీవీలో రేపు వాన అని చెప్పడం, పొద్దున లేచేసరికి నిజంగానే వాన పడుతూ ఉండడం చూసి, ‘ఈ వాన ఏ ఊళ్లో పడుతోందిరా?’ అన్నారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. జూన్‌లో ఒక పదును పడితే శెనక్కాయ విత్తుకొని, ఊడలు దిగే సమయానికి ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాళ్లకు ఆ గేము పగటి కలలా ఉంటుంది. అందులో ఋతువుకు సరిగ్గా 28 రోజులు, ఒక్క రోజు అటూ ఇటూ కాదు. వాన పడిన రోజు చేనుకు నీళ్లు పెట్టే పని తప్పుతుంది. సాయంత్రం పంటను ఇంటి ముందున్న పెట్టెలో వేస్తే తెల్లారేసరికి డబ్బు వస్తుంది, తూకంలో కోత లేదు, దళారి లేడు. సేద్యం గురించి ఏమీ తెలియనివాళ్లు దాన్ని మనసుకు విశ్రాంతినిచ్చే గేము అంటారు. సేద్యంలో మనల్ని భయపెట్టే వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టారు కాబట్టే అంత విశ్రాంతి అని నేనంటాను. తెలిసి చేసిన పనే అది, అందుకు నేను తప్పుపట్టను.

ఏడురోడ్లు గారూ, ఓటమికి ధర ఉండాలన్నారు కదా. పగలంతా ఆ ధర చెల్లించి వచ్చినవాడు రాత్రి గేములో కూడా చెల్లించాలా? నేను వదిలేసింది మీకు నచ్చిన గేమునే. సంచిలో రొట్టె బూజుపట్టి, చేతిలో పైసా లేక, ముఖం తెలియని ఊళ్లో పని అడుక్కునే ఘట్టం దగ్గర ఆపేశాను. గేము బాగాలేక ఆపలేదు.

పెన్నమ్మ (కడప):

శెనగపొలం గారి నాన్నగారి కూలి లెక్క చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను.

నేను, హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు కలిసి స్ప్లిట్ ఫిక్షన్ ఆడాము. స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ సంస్థ మార్చిలో విడుదల చేసిన ఈ గేమును ఒంటరిగా ఆడడం కుదరనే కుదరదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాల్సిందే. మెచ్చుకోదగిన విషయం ఏమిటంటే, ఇద్దరిలో ఒకరు కొంటే చాలు, రెండోవారు తమ ఇంటి నుంచే ఉచితంగా చేరవచ్చు. మియో, జోయి అనే ఇద్దరు రచయిత్రులు తమ కథల్లోనే చిక్కుకుపోతారు. ఒకరివి అంతరిక్ష కథలు, మరొకరివి దేవతల, రాక్షసుల కథలు. ప్రతి అరగంటకూ ఆట తీరే మారిపోతుంది. ఒకచోట మేమిద్దరం పందిపిల్లలమై ఎగురుకుంటూ దొర్లుకుంటూ వెళ్లాము. అదంతా చివరికి ఎక్కడికి దారితీస్తుందో తెలిశాక మా తమ్ముడు ఆ పూట అన్నం తినలేదు, నేను మాత్రం తిన్నాను.

హంద్రీ గారి ప్రశ్నకు ఆ గేము ఇచ్చే సమాధానం నాకు నచ్చింది. ఒకరు పడిపోయినా రెండోవారు నిలబడి ఉన్నంతసేపు ఆట ఆగదు, పడినవారు కాసేపట్లో మళ్లీ వచ్చి కలుస్తారు. మా ఇద్దరి మధ్య పండగకూ పబ్బానికీ తప్ప మాటలు ఉండేవి కావు. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండు రాత్రులు ‘ఎడమవైపు దూకురా’, ‘ఆగు అక్కా, నేనింకా రాలేదు’ అనుకుంటూ గడిపాము. వాడికి సంబంధం చూస్తున్న విషయం కూడా నాకు ఆ గేము మధ్యలోనే తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2023లో వచ్చిన వెన్బా అనే చిన్న గేమును ఆలస్యంగా ఇప్పుడు ఆడాను. 1988లో కెనడాకు వలస వెళ్లిన తమిళ దంపతుల కథ. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకంలో చిరిగిపోయిన, చెరిగిపోయిన చోట్లను ఊహతో పూరిస్తూ ఇడ్లీ, పుట్టు, బిర్యానీ వండుకుంటూ పోవడమే ఆట. ఒకే ఒక్క సాయంత్రంలో ముగుస్తుంది. కొడుకు తన భాషలో జవాబివ్వడం మానేసే ఘట్టం వచ్చినప్పుడు నేను కంట్రోలరు కింద పెట్టేశాను. తమిళులకు అటువంటి గేము ఉన్నందుకు సంతోషమే, కాని సంగటి గెలికే తెడ్డును, కారం దోశ మీద ఎర్రకారం పూసే చేతిని ఎవరైనా గేముగా చేస్తే ఎలా ఉంటుందా అన్న ఆలోచన అప్పటినుంచి నన్ను వదల్లేదు. ఉండలు కట్టకుండా సంగటి గెలకడం లాస్ట్ జడ్జ్‌ను గెలవడం కంటే కష్టమని మాత్రం చెప్పగలను.

బురుజు నీడ (కర్నూలు):

ఇక్కడ అందరూ కంప్యూటరు, కంట్రోలరు ఉన్నవాళ్లే మాట్లాడుతున్నారు. మన మూడు జిల్లాల్లో ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే కనుక ఆ సంగతి కూడా చర్చకు రావాలి. నేను ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. నా విద్యార్థుల మాటల్లో వినిపించేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే కాల్పుల గేము ఒక్కటే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు, 2021 జులైలో అదే ఆట ఈ పేరుతో వచ్చింది, 2022 జులైలో ఇదీ అంగళ్లలోంచి మాయమైంది, 2023లో మళ్లీ తిరిగొచ్చింది. ఈ తేదీలు మా పిల్లలకు విజయనగర రాజవంశాల కంటే బాగా గుర్తుంటాయి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది గాని, ఆడేది నాన్న ఫోన్లో, నాన్న పేరుతో కాబట్టి ఆ పరిమితి నాన్నకే వర్తిస్తోంది.

వాళ్లను అర్థం చేసుకోవాలని వేసవి సెలవుల్లో నేనూ ఆడాను. మంచి ఒకటి, చెడు ఒకటి చెబుతాను. బడిలో హిందీ వాచకం తెరవడానికే ఇష్టపడని పిల్లవాడు అక్కడ బీహారు కుర్రాడితో, మహారాష్ట్ర కుర్రాడితో తడుముకోకుండా హిందీలో మాట్లాడుతున్నాడు, వ్యాకరణం ఎలా ఉన్నా పని జరిగిపోతోంది. చెడు ఏమిటంటే, అరగంట సేపు పొదల్లో దాక్కొని, చివరి పదిమందిలో మిగిలి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని గుండుకు పడిపోయినప్పుడు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. పైగా మన కర్నూలు మే నెల ఎండకు ఫోను పెనంలా కాలిపోయి, తెర వెలుగు దానంతటదే తగ్గి, సరిగ్గా ఎదురుకాల్పుల సమయానికి బొమ్మ ఆగి ఆగి కదిలేది. జూన్‌లో బడి తెరవగానే వదిలేశాను. ఏడురోడ్లు గారు చెప్పిన ధరకు, ఈ ధరకు తేడా ఉంది. ఆయన గేములో ఓడిపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది, ఇక్కడ తెలియదు.

జోకరు (అనంతపురం):

బలాత్రో ఆడి ఇంట్లో మాటపడినవాణ్ణి నేను. కెనడాకు చెందిన ఒక్క మనిషి, అసలు పేరు కూడా చెప్పుకోకుండా, 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన గేము అది. పేక ముక్కలతో పోకర్ కూర్పులు పేర్చుకుంటూ, 150 రకాల జోకర్లలో దొరికినవాటితో లెక్కలను తలకిందులు చేసుకుంటూ ముందుకు పోవాలి. అందులో పందెం లేదు, గేము కొన్నాక పైసా ఖర్చు లేదు, అవతల మనిషి కూడా ఉండడు. అయినా మా అమ్మకు తెర మీద కనిపించేది పేక ముక్కలే. ఆన్‌లైన్ రమ్మీలో పొలాలు పోగొట్టుకున్నవాళ్ల కథలు విన్న ఊరు మాది. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందేల గేములపై చట్టం చేసింది. అమ్మ ఆ వార్త విన్న రోజు నా గది తలుపు తట్టింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు, యూరప్‌లో గేములకు వయసు నిర్ణయించే సంస్థ కూడా ఒక దశలో దీన్ని 18 ఏళ్లు నిండినవారికే అంది, అప్పీలు చేస్తే 2025 ఫిబ్రవరిలో 12కు తగ్గించింది. అమ్మ దగ్గర నా అప్పీలు ఇంకా పెండింగులోనే ఉంది.

హంద్రీ గారూ, ఒక ఆట ముప్పావుగంటలో ముగుస్తుంది, ఓడితే అంతా పోతుంది, మళ్లీ మొదటినుంచే. అయినా ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే ఆ మొదటినుంచి అన్నది ప్రతిసారీ కొత్తగా ఉంటుంది.

హంద్రీ (కర్నూలు):

జోకరు గారి చివరి మాటతో నా ప్రశ్నలోని తప్పు నాకే కనిపించింది. నన్ను విసిగించింది దూరం కాదు, ఆ దూరంలో మార్పు లేకపోవడం. అవే గట్లు, అదే గాలి, అవే పురుగులు. బురుజు నీడ గారు చెప్పిన తేడా కూడా సరైనదే, సిల్క్‌సాంగ్‌లో నేను ఎందుకు ఓడానో నాకు ప్రతిసారీ తెలిసేది. శెనగపొలం గారి మాటకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

ఏడురోడ్లు (కడప):

నా దగ్గరా లేదు. శెనగపొలం గారూ, మీరు ఆ ఊళ్లో పని అడుక్కునే ఘట్టం దగ్గర ఆపేశారని చదివాక, నేను దాన్ని ఎంత తేలికగా తీసుకున్నానో గుర్తొచ్చింది. నాకు అది కథలో ఒక మెట్టు మాత్రమే.

హంద్రీ గారూ, మీరు అనుమతిస్తే రెండు మాటలు చెబుతాను. సిల్క్‌సాంగ్‌లో డబ్బుగా చెల్లే జపమాల పూసలను ఆ దారి పట్టే ముందే దండగా గుచ్చి పెట్టుకోండి, దండ కట్టినవి చచ్చినా పోవు, అప్పుడు పోగొట్టుకున్నవాటి కోసం తొందరపడి పరుగెత్తే అవసరం ఉండదు. రెండోది, దారిలో పురుగులతో పోరాడకండి, ఒక్కదాన్ని కూడా. ఆ జడ్జ్‌ను అసలు ఎదుర్కోకుండానే కోటలోకి పోయే మరో దారి కూడా ఉంది గాని, అది పొగమంచులో దారి తప్పించే చోటు మీదుగా పోతుంది, మీ గంటన్నరకు అది మేలు చేస్తుందని నేననుకోను.

హంద్రీ (కర్నూలు):

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పూసలు గుచ్చుకున్నాను, పురుగుల జోలికి పోలేదు, దారి సగానికి తగ్గినట్టు అనిపించింది. నిన్న రాత్రి పదకొండుంపావుకు లాస్ట్ జడ్జ్ పడిపోయింది. గెలిచానని కంట్రోలరు కింద పెట్టబోతుండగా ఆ శవం పేలిపోయింది. ఒక్క ప్రాణంతో బయటపడ్డాను. పడిపోయాక పేలుతుందని మీరు చెప్పలేదేమండీ?

ఏడురోడ్లు (కడప):

చెబితే మీరు ముందే దూరం జరిగేవారు.